పసుపు కార్డు ఇంటికి గాజు తీగ

పేదింటికి ఉచితంగా ఇంటర్నెట్ ఇస్తామని కేరళ 2017లో మాటిచ్చింది. భారతపుళ ఒడ్డు నుంచి వయనాడ్ కొండల దాకా వెళితే ఆ మాట ఎంతవరకూ వచ్చిందో, ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది.

సముద్రంలో కలవడానికి కాస్త ముందు భారతపుళ బాగా వెడల్పవుతుంది. పొన్నానికి ఎగువన, అవతలి ఒడ్డున ఉన్న చిన్న ఊరు చమ్రవట్టం. వర్షాకాలంలో నది పొంగితే ఇక్కడి అయ్యప్ప గుడిలోకి నీళ్లొస్తాయి. 2012లో నది మీద వంతెన తెరిచాక కోజికోడ్, కొచ్చి మధ్య తిరిగే వాహనాలకు దూరం తగ్గింది. దాంతో చాలామందికి చమ్రవట్టం అంటే వంతెన పేరే తప్ప ఊరి పేరు కాదు. దేశంలో తొలి కంప్యూటర్ అక్షరాస్య గ్రామంగా ఒకప్పుడు పత్రికల్లోకి ఎక్కింది మాత్రం ఈ ఊరే.

ఆ కథ 2002 నాటిది. ఆ ఏడాది నవంబర్‌లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం 'అక్షయ' పథకాన్ని ప్రారంభించారు. ప్రయోగానికి ఎంచుకున్నది మలప్పురం జిల్లాను. ప్రతి ఇంటికీ రెండు మూడు కిలోమీటర్ల లోపు ఒక కంప్యూటర్ కేంద్రం ఉండాలి, ఇంటికొకరికైనా మౌస్ పట్టుకోవడం రావాలి. లక్ష్యం అంతే. అప్పటికి జిల్లాలో ఫోన్ తీగలే అంతంత మాత్రం. అందుకని ఊరూరా స్తంభాలు లేపి గాలిలోంచే సిగ్నల్ పంపారు. దేశంలోని పెద్ద గ్రామీణ వైర్‌లెస్ నెట్‌వర్కుల్లో అదొకటిగా పేరు తెచ్చుకుంది. ఇంట్లో ఒకరో ఇద్దరో గల్ఫ్‌లో ఉండే జిల్లా కావడంతో అక్షయ కేంద్రాలకు జనాన్ని లాగింది ప్రభుత్వ పాఠ్యపుస్తకం కంటే వెబ్ కెమెరా. దుబాయ్‌లోని కొడుకు ముఖం తెర మీద చూడడానికి వచ్చిన తల్లులు పనిలో పనిగా కంప్యూటర్ నేర్చుకున్నారు.

రెండు దశాబ్దాలు దాటాయి. కొడుకు ముఖం ఇప్పుడు అరచేతిలోని ఫోన్లోనే కనిపిస్తోంది. అయినా అక్షయ కేంద్రాల ముందు వరస తగ్గలేదు. ఆదాయ ధ్రువపత్రం, పింఛను, ఎస్సీ ఎస్టీ విద్యార్థుల ఉపకార వేతనం, రేషన్ కార్డులో పేరు మార్పు... ప్రభుత్వం నుంచి పేదలకు రావలసినవన్నీ దరఖాస్తుగా ముందు ఆన్‌లైన్లో పుట్టాలి. కేరళలో రేషన్ కార్డు రంగును బట్టి మనిషి స్థితి చెప్పేయవచ్చు. పసుపు కార్డు నిరుపేదలది, గులాబీ కార్డు పేదలది. నీలం, తెలుపు ఆ పైవాళ్లవి. (తెల్లకార్డు అంటే పేదకార్డని తెలిసిన తెలుగువాళ్లు ఇక్కడ కాస్త తికమక పడాల్సిందే.) 2024లో పసుపు, గులాబీ కార్డుదారులంతా ఆధార్‌తో ఈ-కేవైసీ చేయించుకోవాలన్నప్పుడు రేషన్ షాపుల్లో సర్వర్ మొరాయించి జనం తిరిగి తిరిగి రావలసి వచ్చింది. ఉపాధి హామీ పనుల్లో హాజరును 2023 జనవరి నుంచి ఫోన్ యాప్‌లోకి మార్చారు. ఇంటర్నెట్ అక్కరలేని బతుకు అంటే ఏ లోటూ లేనివాడికి చెల్లుతుంది. సర్కారు సాయం మీద బతికేవాడికి అది బియ్యం బస్తా తాళంచెవి.

చమ్రవట్టం నుంచి ఉత్తరానికి కొద్ది దూరంలోనే తిరూర్. మలయాళ భాషకు పితామహుడిగా చెప్పుకునే ఎళుత్తచ్ఛన్ పుట్టిన చోటు. విజయదశమికి పిల్లల్ని ఇక్కడి తుంచన్ పరంబుకు తెచ్చి అక్షరాభ్యాసం చేయిస్తారు. అక్కడి నుంచి లోపలికి తిరిగి రబ్బరు, పోక తోటల మధ్యగా వెళితే కొట్టక్కల్. ఆయుర్వేద వైద్యశాల వల్ల ఈ పేరు తెలుగునాట కూడా పరిచయమే. 2020 జూన్‌లో మాత్రం కొట్టక్కల్ మరో కారణంగా వార్తల్లోకి వచ్చింది. ఇంట్లో సిగ్నల్ అందక ఒక కాలేజీ విద్యార్థిని పెంకుటింటి కప్పు ఎక్కి, గొడుగు పట్టుకుని ఆన్‌లైన్ పాఠం విన్నది. ఆ ఫొటో దేశమంతా తిరిగింది.

దానిని చూసి జనం మెచ్చుకున్నారు. అదే నెల మొదటి రోజున అదే జిల్లాలో జరిగిన సంగతి మెచ్చుకునేది కాదు. కరోనాతో బడులు మూతపడి, విక్టర్స్ చానెల్లో 'ఫస్ట్ బెల్' పేరుతో పాఠాలు మొదలైంది 2020 జూన్ 1న. ఆ రోజే ఒక దళిత కూలీ కుటుంబానికి చెందిన హైస్కూలు విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, స్మార్ట్‌ఫోన్ లేదు. టీవీ గానీ ఇంటర్నెట్ గానీ లేని విద్యార్థులు రాష్ట్రంలో 2.61 లక్షల మంది ఉన్నారని సమగ్ర శిక్ష సర్వే అంతకు ముందే తేల్చింది. అంకె ప్రభుత్వం దగ్గరే ఉంది. ఆ తర్వాత గ్రంథాలయాలు, అంగన్‌వాడీలు, క్లబ్బుల్లో టీవీలు పెట్టారు, దాతలు సెకండ్‌హ్యాండ్ ఫోన్లు పంచారు. కుటుంబశ్రీ మహిళలకు నెలకు 500 రూపాయల చొప్పున 30 నెలల చిట్టీ మీద ల్యాప్‌టాప్ ఇచ్చే 'విద్యాశ్రీ' కూడా ఆ కాలంలో వచ్చిందే.

పేదింట్లో ఫోన్ లేదని ఇప్పుడు ఎవరూ అనరు. ఫోన్ ఉంది, ఒకటి. అది ఎక్కువగా తండ్రి జేబులో ఉంటుంది, పొద్దున పనికి ఆయనతోపాటే పోతుంది. మొబైల్ డేటా చవక అన్న మాట నిజమే అయినా అది మనిషికి చవక, ఇంటికి కాదు. 2024 జూలైలో కంపెనీలు ధరలు పెంచాక రోజుకు 1.5 జీబీ వచ్చే 28 రోజుల ప్యాకు జియోలో 239 నుంచి 299కి చేరింది. 28 రోజులు నెల కాదు కాబట్టి ఏడాదికి 13 సార్లు వేయించాలి. అంటే ఒక్క ఫోన్‌కు 3,887 రూపాయలు. ఇద్దరు చదువుకునే పిల్లలుంటే ఆ లెక్క రెండింతలో, లేదా ఫోన్ కోసం కొట్లాటో. ఇంటికే తీగ లాగించుకుంటే నలుగురూ వాడుకోవచ్చు గానీ, చాలా ఫైబర్ కంపెనీలు రూటర్‌కు డిపాజిట్టో, కొన్ని నెలల సొమ్ము ముందుగానో అడుగుతాయి. కూలి దొరికిన రోజున చిన్న ప్యాకు వేయించి, దొరకని వారం మానేసే ఇంటికి ఆ పద్ధతి సరిపడదు. చవక బేరం దొరకాలన్నా చేతిలో కాస్త డబ్బు నిలవ ఉండాలి.

కోజికోడ్ దాటి బాలుశ్శేరి రోడ్డు పడితే చేలన్నూర్. ఇక్కడి ఒక కాలేజీ మహిళా హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు ఫోన్ వాడకూడదని నిబంధన పెట్టారు. ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. 2019 సెప్టెంబర్ 19న ఫహీమా షిరీన్ కేసులో జస్టిస్ పి.వి. ఆశ ఇచ్చిన తీర్పు ఇంటర్నెట్ అందుబాటును విద్యాహక్కులోనూ, రాజ్యాంగం 21వ అధికరణ కింది వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని చెప్పింది. దేశంలో ఒక హైకోర్టు అంత స్పష్టంగా ఆ మాట అనడం అదే మొదలు. అయితే కోర్టు చెప్పింది ఉన్న ఫోన్‌ను లాక్కోవద్దని. లేనివాడికి ఎవరివ్వాలన్నది ఆ కేసులో తేలే ప్రశ్న కాదు.

దానికి జవాబు తాను చెబుతానని కేరళ ప్రభుత్వం అంతకు రెండేళ్ల ముందే ముందుకొచ్చింది. 2017 మార్చి బడ్జెట్లో ఆర్థికమంత్రి థామస్ ఐజాక్ ఇంటర్నెట్‌ను పౌరుల హక్కుగా ప్రకటించారు. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా, మిగతావారికి చవకగా ఇవ్వడానికి కేరళ ఫైబర్ ఆప్టిక్ నెట్‌వర్క్, పొట్టిగా కె-ఫోన్, వస్తుందన్నారు. అందులో రాష్ట్ర విద్యుత్ బోర్డుకు 49 శాతం, ఐటీ మౌలిక వసతుల సంస్థకు 49 శాతం, మిగతా 2 శాతం నేరుగా ప్రభుత్వానికి. గొయ్యి తవ్వే పని లేకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగుతారు. సబ్‌స్టేషన్లలో 375 కూడలి కేంద్రాలు పెడతారు. అంచనా ఖర్చు 1,500 కోట్ల పైమాటే, అందులో పెద్ద భాగం కిఫ్బీ అప్పు. టెండర్లు, కరోనా, లైసెన్సులు దాటుకుని 2023 జూన్ 5న పినరయి విజయన్ దాన్ని ప్రారంభించే నాటికి 17,412 ప్రభుత్వ కార్యాలయాలకు కనెక్షన్ అందింది. ఇళ్లకు? 2,105.

కరెంటు స్తంభం మీద ఫైబర్ అన్న ఆలోచన తెలుగువారికి కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ ఈ పని కేరళకంటే ముందే చేసింది. 2016 చివర్లో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి ముచ్చటగా చూపించారు. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ. స్తంభాల మీద దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ. నిజానికి ఆ 149లో జనాన్ని ఆకట్టుకుంది టీవీ చానెళ్లే. నెట్ మొదటి 5 జీబీ దాటితే నెమ్మదించేది. టీవీ బిల్లు కట్టే ఇంట్లోకి ఇంటర్నెట్‌ను కూడా చేర్చడం గడుసు ఆలోచనే. ఎందుకంటే పేదింట్లో నెలనెలా తప్పకుండా కట్టే బిల్లు ఏదంటే కేబుల్ బిల్లే. కానీ పెట్టె డబ్బులు వేరు, పాడైతే కేబుల్ ఆపరేటర్ రావాలి, ప్రభుత్వం మారితే ప్రాధాన్యమూ మారుతుంది. ఆ ధర తర్వాత పెరిగింది, కనెక్షన్లు గణనీయంగా తగ్గాయి, టెండర్ల గొడవ సీఐడీ కేసు దాకా వెళ్లింది. తెలంగాణ మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే ఫైబర్ పరిచి, 2024 డిసెంబర్‌లో మూడు గ్రామాల్లో నెలకు 300 రూపాయలకు ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మూడు రాష్ట్రాలూ తీగ లాగడంలో తెలివి చూపాయి. తీగ చివర ఉన్న ఇల్లు నెలనెలా ఎలా నిలబడుతుందన్న దగ్గరే తేడా వచ్చింది.

ఆ మూడింట్లో ఉచితం అన్న మాట వాడింది కేరళ ఒక్కటే కాబట్టి దాన్నే గట్టిగా అడగాలి. తొలి విడతలో అసెంబ్లీ నియోజకవర్గానికి 100 ఇళ్లు అన్నారు. 140 నియోజకవర్గాలకు 14 వేలు. 2025లో కె-ఫోన్ మొత్తం కనెక్షన్లు లక్ష దాటాయని సంబరం చేసుకున్నప్పుడు అందులో పేదల ఉచిత కనెక్షన్లు ఆ 14 వేల దగ్గరే ఉన్నాయి. 20 లక్షల మాటలో నూటికి ఒక పాలు కూడా కాదు. మిగతావాటిలో పెద్ద వాటా నెలకు 299 మొదలుకుని కట్టే గృహ ఖాతాదారులది. కారణం దాపరికమేమీ కాదు. అప్పు తీరాలంటే ఆదాయం రావాలి. ఆదాయం కట్టగలిగిన ఇంటి నుంచే వస్తుంది. హక్కుగా మొదలైన పథకం కంపెనీగా బతకాల్సి వచ్చేసరికి హక్కు ఒక ఉచిత కోటాగా కుదించుకుపోయింది. దీనికి ఒక్క కేరళనే తప్పుపట్టడం కుదరదు. అమెరికా అంతటి దేశం పేద కుటుంబాల నెట్ బిల్లుకు నెలకు 30 డాలర్ల చొప్పున ఇచ్చిన సాయం దాదాపు 2.3 కోట్ల ఇళ్లకు చేరాక, డబ్బుల్లేవని 2024 మధ్యలో ఆపేసింది. కాకపోతే అక్కడ ఆగింది ఇచ్చిన సాయం. ఇక్కడ ఆగింది ఇస్తామన్నది.

తామరశ్శేరి దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. తొమ్మిది హెయిర్‌పిన్ మలుపులు. లారీ ఎదురైతే బస్సు ఆగి, వెనక్కి జరిగి, మళ్లీ కదలాలి. లక్కిడి దగ్గర పైకి తేలగానే గాలి చల్లబడుతుంది. టీ తోటల పచ్చదనం చూడడానికి బెంగళూరు కార్లు వారాంతాల్లో బారులు తీరతాయి. వాళ్లు దిగే హోంస్టేల బోర్డుల మీద గది అద్దె పక్కనే 'ఫ్రీ వైఫై' అని రాసి ఉంటుంది. వయనాడ్‌లో ఉచిత ఇంటర్నెట్ సులభంగా దొరికేది వాళ్లకే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లా జనాభాలో 18.5 శాతం గిరిజనులు, లక్షన్నర మంది. కేరళలో మరే జిల్లాలోనూ ఇంత వాటా లేదు. వారిలో అన్నిటికంటే పెద్ద సమూహం పణియలు, తరతరాలుగా ఇతరుల పొలాల్లో కూలి చేసినవాళ్లు. జిల్లాలో ఉన్న అసెంబ్లీ నియోజకవర్గాలు మూడు. నియోజకవర్గానికి 100 లెక్కన తొలి విడతలో ఈ కొండల వాటా 300 ఇళ్లు.

గిరిజన గూడేలను ఇక్కడ మొన్నటి దాకా 'కాలనీ' అనేవారు. అది చిన్నచూపుగా ధ్వనిస్తోందని, 2024 జూన్‌లో మంత్రి కె. రాధాకృష్ణన్ పదవి వదిలే ముందు ఆ పదం తీసేసి నగర్, ఉన్నతి, ప్రకృతి వంటి పేర్లు పెట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. కొన్ని చోట్ల కొత్త బోర్డు వచ్చింది, కొన్ని చోట్ల జనం నోట్లో పాత పేరే ఉంది. రోడ్డు మీద ఆగి దారి అడిగితే ఇప్పటికీ కాలనీ అంటేనే చెబుతారు. రోడ్డు నుంచి లోపలికి కాలిబాట, పోక చెట్లు, ఒకదానికొకటి ఆనుకుని ప్రభుత్వం కట్టించిన ఇళ్లు. మెయిన్ రోడ్డు మీది స్తంభం వరకూ ఫైబర్ వచ్చి ఉంటుంది. అక్కడి నుంచి ఇంటికి వంద, రెండొందల మీటర్లు. దేశమంతా పథకాలు ఆగేది ఈ వంద మీటర్ల దగ్గరే. 2011లో మొదలైన భారత్‌నెట్ కూడా పంచాయతీ కార్యాలయం వరకూ వచ్చి, ఇంటింటికీ వెళ్లడానికి ఏళ్ల తరబడి దారి వెతుక్కుంది. 2023లో దాన్ని సవరించి 1,39,579 కోట్లు మంజూరు చేసినప్పుడు స్థానిక కుర్రాళ్లకు వాటా ఇచ్చి ఇళ్లకు తీగ లాగించాలని పెట్టుకున్నది అందుకే.

కేరళలో ఆ పని కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు. వాళ్లు కలిసి పెట్టుకున్న కేరళ విజన్ సంస్థకే పేదల కనెక్షన్ల టెండర్ దక్కింది. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ చెట్టు మీదుగా తీగ పోతుందో అధికారి కంటే వాళ్లకే బాగా తెలుసు, కాబట్టి మంచిదే. కానీ ఆపరేటర్ కూడా చిన్న వ్యాపారే. నెలకు ఆరేడు వందలు కట్టే బంగళాలోనూ, పైసా రాని గూడెంలోనూ ఒకేరోజు తీగ తెగితే ముందు ఎక్కడికి వెళతాడో ఊహించడం కష్టం కాదు. వయనాడ్ వానలో తీగ తెగడం అరుదూ కాదు. కొమ్మ విరిగి పడితే కరెంటు తీగతోపాటు ఫైబరూ నేల మీదికి వస్తుంది. కరెంటు పోతే గోడకు కొట్టిన పెట్టె ఆరిపోతుంది. బ్యాటరీ పెట్టుకునే స్తోమత ఎవరికుంది? అప్పుడు మళ్లీ మొబైల్ టవరే దిక్కు.

ఇక్కడ తీగతోపాటు మనిషిని కూడా ఇచ్చిన చోటు ఒకటుంది, 'సామూహ్య పఠనమురి'. గిరిజన శాఖ 2017 నుంచి గూడేల్లో పెట్టిన ఉమ్మడి చదువు గది. కంప్యూటర్, ఇంటర్నెట్, కొన్ని పుస్తకాలు, ఆ గూడెంలోనే చదువుకున్న అమ్మాయో అబ్బాయో జీతం మీద. పిల్లలకు పాఠం అర్థం కాకపోతే సొంత భాషలో చెబుతారు, ఉపకార వేతనం ఫారం నింపి పెడతారు. కొండ దిగి అక్షయ కేంద్రానికి పోవడానికి ఒక రోజు కూలి పోయే తల్లిదండ్రులకు ఇది చిన్న సంగతి కాదు. ఇల్లిల్లూ తిరిగే పథకం కంటే ఇలాంటి గదికి తెగని తీగ, పాడవని కంప్యూటర్ ఇస్తే చాలు కదా అనిపిస్తుంది. కానీ గదికి తాళం పడే వేళ ఒకటుంటుంది. రాత్రి పూట పరీక్షకు చదువుకునే ఆడపిల్ల గూడెం చివర ఉన్న గదికి వెళ్లలేదు. చేలన్నూర్ హాస్టల్లో జరిగిన గొడవ కూడా సాయంత్రం 6 తర్వాతి గంటల గురించే.

2025 ఆగస్టులో కేరళ తనను తాను సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించిన తొలి రాష్ట్రంగా ప్రకటించుకుంది. అదే ఏడాది నవంబర్ 1న, రాష్ట్రావతరణ దినాన, 64 వేల కుటుంబాలను గుర్తించి ఆదుకుని అతి పేదరికాన్ని తుడిచేశామని చెప్పింది. రెండు ప్రకటనల మీదా వాదనలు జరిగాయి. వయసు మళ్లిన కూలి మహిళకు వీడియో కాల్ చేయడం నేర్పించడంలో కుటుంబశ్రీ, గ్రంథాలయ కార్యకర్తలు పడిన శ్రమను మాత్రం ఎవరూ కాదనలేదు. చమ్రవట్టంలో మొదలైంది కూడా అలాగే, నేర్పడంతో. నేర్చుకున్నవాళ్లకు ఇంట్లో ఏం వాడుకోవాలన్నదే అప్పుడూ ఇప్పుడూ మిగిలింది.

సాయంత్రం ఆరున్నరకు తోట పనివాళ్లు గూడెంలోకి తిరిగొస్తారు. ఉచిత కనెక్షన్ జాబితాలో పేరు వచ్చిన ఇంటి గోడ మీద పెట్టెలో ఆకుపచ్చ దీపం మిణుకుతుంటుంది. ఆ ఇంటి అరుగు మీద పక్కింటి పిల్లలు కూడా కూర్చుని ఉంటారు. దీపం ఎర్రగా ఉన్న రోజున వాళ్లు లేచి బాట మొదటికి వెళ్లి నిలబడతారు, నాన్న జేబులోని ఫోన్ కోసం. రోజువారీ 1.5 జీబీలో పగలు ఆయన వాడుకోగా మిగిలినది వాళ్లది.